ఇంట్లో చేసే ట్రాకులో వాద్యాలు నిజంగా మోగాలంటే

దసరాకు అమ్మవారి పాటలు, డిసెంబరుకు క్రిస్మస్ పాటలు, మధ్యలో పెళ్లి సంగీత్‌లు, కరోకే పోటీలు. విజయవాడ, గుంటూరుల్లో ట్రాకుల (పాట వెనక మోగే వాద్యాల రికార్డింగు) పని ఏడాది పొడుగునా ఉంటుంది. అందులో చాలావరకు ఇప్పుడు ఇంట్లోనే, ఒక లాప్‌టాప్, ఒక కీబోర్డుతో జరిగిపోతోంది. పల్లవి ఎత్తుకోకముందే "ఇది కీబోర్డు సౌండ్" అని వినేవాళ్లు పట్టేస్తే, తప్పు సౌండ్ లైబ్రరీ (నిజమైన వాద్యాలను స్వరం స్వరంగా రికార్డు చేసిన సాంపిల్స్ కట్ట) ధరలో ఉండటం అరుదు. వయొలిన్‌ను పియానోలా నొక్కడంలో, ఫ్లూట్‌కు ఊపిరి తీసుకునే సందు ఇవ్వకపోవడంలో ఉంటుంది. కొత్త సౌండ్లు కొనేముందు, ఉన్న సౌండును ఆ వాద్యకారుడు వాయించే తీరులో వాయించడం నేర్చుకోవాలి.

ముందు శ్రుతి, తాళం

పాడేవాళ్ల శ్రుతి తెలియకుండా ఒక్క నోట్ కూడా పెట్టొద్దు. ఒకటి శ్రుతి అంటే కీబోర్డు మీద సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, ఐదు అంటే జి, ఐదున్నర అంటే జి షార్ప్. మగ గొంతులు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నరలో, ఆడ గొంతులు ఐదు, ఐదున్నర చుట్టూ పాడతాయి. "తర్వాత ట్రాన్స్‌పోజ్ చేసుకుందాంలే" అనుకుంటే చిక్కు ఇక్కడే వస్తుంది. ఐదున్నరకు చేసిన ఇంటర్లూడ్‌ను ఒకటిన్నరకు దించితే ప్రతి స్వరమూ 7 మెట్లు (నలుపు, తెలుపు కీలన్నీ లెక్కేస్తే 7 కీలు) కిందకి పోతుంది. మధ్య సి మీద ఉన్న వయొలిన్ స్వరం దాని కింది ఎఫ్‌కు చేరుతుంది. వయొలిన్‌లో అన్నిటికంటే కింది తీగ జి, ఆ ఎఫ్ అసలు వయొలిన్‌లోనే లేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని ఎలాగోలా సాగదీసి మోగిస్తుంది, చెవికి అది వయొలిన్‌లా వినిపించదు. అలాంటి చోట పదబంధాన్ని ఒక స్థాయి పైకి తీసుకోవాలి, లేదా వయొలిన్ కంటే పెద్దదైన చెల్లోకు ఇవ్వాలి.

తాళాన్ని కూడా ప్రాజెక్టులోనే పెట్టుకోండి. ఆదికి 4/4, రూపకానికి 3/4, ఖండచాపుకు 5/8, మిశ్రచాపుకు 7/8. మిశ్రచాపు పాటను 4/4 గ్రిడ్‌లో వాయిస్తే క్వాంటైజ్ (స్వరాలను తాళం గీతలకు సర్దే బటన్) నొక్కినప్పుడు దెబ్బలు సరైన గీతకే చేరవచ్చు గానీ, బార్ మొదలు ఎక్కడో, ఆవర్తం మొదలు ఎక్కడో తెలియక లూపులు, ఎడిట్లు అన్నీ తడబడతాయి.

పనిముట్లు

16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్ చాలు. సాంపిల్ లైబ్రరీలు డిస్కు నుంచి ఎప్పటికప్పుడు చదువుకుంటాయి కాబట్టి పాత హార్డ్ డిస్కులో పెడితే స్వరాలు మధ్యలో తెగుతాయి. ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (మైకు, కీబోర్డు శబ్దాన్ని లాప్‌టాప్‌లోకి పంపే పెట్టె) దాని సొంత ఏఎస్‌ఐఓ డ్రైవర్ (విండోస్‌లో శబ్దం ఆలస్యాన్ని తగ్గించేది) వేసుకోండి. వాయించేటప్పుడు బఫర్ (నొక్కడానికీ వినబడటానికీ మధ్య ఆలస్యాన్ని నిర్ణయించే సెట్టింగు) 128 పెట్టండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 2.7 మిల్లీసెకన్లే. మిక్సింగ్‌లో 512 లేదా 1024కు మార్చుకోండి.

ఉచితంగా దొరికేవాటిలోనూ మంచివి ఉన్నాయి. స్ఫోర్జాండో ప్లేయర్‌లో సాలమాండర్ గ్రాండ్ పియానో వేసుకోవచ్చు. అది యమహా సీ5 గ్రాండ్ పియానోను 16 వెలాసిటీ (కీ నొక్కే బలం) పొరల్లో రికార్డు చేసిన లైబ్రరీ. తీగవాద్యాలకు, గాలివాద్యాలకు బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ ఉచితమే. ఉచిత కొంటాక్ట్ ప్లేయర్‌లో మాత్రం దానికోసం లైసెన్స్ చేసిన లైబ్రరీలే పూర్తిగా నడుస్తాయి, మిగతావి 15 నిమిషాలకు ఆగిపోతాయి. చేతులు మారిన క్రాక్ లైబ్రరీల జోలికి పోకండి. వైరస్ సంగతి అటుంచితే, సాంపిల్స్ సగం లేని ప్యాచ్‌లు (ఒక్కో వాద్యం సౌండు) వాటిలో మామూలే.

ఇంట్లో రోలాండ్ ఎక్స్‌పీఎస్-10, యమహా పీఎస్‌ఆర్ లాంటివి ఉంటే వాటి సౌండ్లనూ తీసిపారేయొద్దు, వాటిలో మన వాద్యాల టోన్లు పనికొస్తాయి. ఎడమ, కుడి అవుట్‌పుట్‌లు రెండింటినీ ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌లకు కలపండి, మైక్ ఇన్‌పుట్‌కు కాదు. కీబోర్డు వాల్యూమ్ ముప్పావు దగ్గర ఉంచి, అందులోని రివర్బ్ (గది మోత), కోరస్ ఎఫెక్టులు ఆపేయండి. రికార్డు చేశాక వాటిని వేరు చేయడం కుదరదు.

వెనకాల సన్నగా గుయ్యిమంటోందా? లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, పోతే అది ఎర్తింగ్ తకరారు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే గోల వస్తే, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉండొచ్చు. అప్పుడు లాప్‌టాప్ బ్యాటరీ మీద మిడీ (శబ్దం కాకుండా ఏ కీ ఎప్పుడు నొక్కారో రాసుకునే పద్ధతి) పనులు చేసుకోండి, మైకు పని కరెంటు వచ్చాక పెట్టుకోండి.

వాయించే తీరు

స్ట్రింగ్స్‌లో అందరూ చేసే పొరపాటు ఎన్‌సెంబుల్ (బృందం కలిసి వాయించిన) ప్యాచ్ మీద నాలుగు వేళ్లతో కార్డు నొక్కడం. ఆ ప్యాచ్‌లో 16 మంది వాయించి ఉంటే, నాలుగు స్వరాలకు 64 మంది అవుతారు. అందుకే మధ్య స్థాయిలో అంతా ముద్దగా వినిపిస్తుంది. ఒక్కో గీతను విడిగా వాయించండి. బేస్ స్వరం చెల్లోకు, మధ్యవి వయోలాకు, రెండో వయొలిన్‌కు, పైది మొదటి వయొలిన్‌కు. కార్డు మారినప్పుడు ఒక్కో గీత దగ్గరలో ఉన్న స్వరానికే కదలాలి.

తీగవాద్యంలో స్వరం మొదలయ్యాక కూడా విల్లు బలం మారుతూనే ఉంటుంది. కీబోర్డులో ఆ పని సీసీ1 (మాడ్యులేషన్ చక్రం), సీసీ11 (ఎక్స్‌ప్రెషన్) అనే మిడీ కంట్రోళ్లు చేస్తాయి. సీసీ1 సాధారణంగా మెత్తని సాంపిల్ నుంచి గట్టి సాంపిల్‌కు తీసుకెళ్తుంది, అంటే టోనే మారుతుంది. సీసీ11 శబ్దం మాత్రమే పెంచుతుంది. కుడిచేత్తో స్వరాలు వాయిస్తూ ఎడమచేత్తో సీసీ1ను 40 దగ్గర మొదలుపెట్టి, పదబంధం శిఖరానికి 90 దాకా తెచ్చి, చివర 50కి దించండి. మౌస్‌తో గీసినదానికంటే చేత్తో తిప్పినదే బాగుంటుంది. లెగాటో (స్వరాలు కలిపి వాయించే) ప్యాచ్‌లో పాత స్వరం వదలకముందే కొత్తది నొక్కాలి, సందు ఉంటే జారుడు పలకదు. నెమ్మదిగా అందుకునే స్ట్రింగ్స్ తాళానికి వెనకబడినట్టు ఉంటే, ఆ ట్రాకును మొత్తంగా 40 నుంచి 80 మిల్లీసెకన్లు ముందే మోగేలా జరపండి.

ఫ్లూట్‌కు ఊపిరి లెక్క ఉంది. 80 టెంపోలో 8 మాత్రలంటే 6 సెకన్లు. అక్కడికల్లా ఒక చిన్న సందు ఇవ్వండి. ఆ సందు లేకపోవడమే నకిలీ ఫ్లూట్‌ను ముందుగా పట్టిచ్చేది.

గమకాల దగ్గర ఓపిక కావాలి. తోడిలో గాంధారం కంపితం లేకుండా నిలబడితే అది తోడి కాదు, ఎంత ఖరీదైన వీణ సౌండు పెట్టినా అంతే. మూడు సంగతులు చూసుకోండి. వైబ్రాటో ముందే కలిసి ఉన్న ప్యాచ్ వద్దు, దాని ఊపు, మీ గమకం ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. పిచ్‌బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే చక్రం) పరిధి సాధారణంగా రెండు మెట్లే ఉంటుంది. కంపితానికి అది చాలు, పొడవైన జారుకు మాత్రం వాద్యం లోపల 12కు మార్చాలి. ఇక ప్రతి గమకం తర్వాతా బెండ్ సున్నాకు చేరిందో లేదో చూడండి. చేరకపోతే తర్వాతి స్వరం అపశ్రుతిలో మొదలవుతుంది, తప్పు ఎక్కడుందో వెతకడానికే గంట పడుతుంది. బెండ్ ఆ చానల్లో ఉన్న స్వరాలన్నిటినీ వంచుతుంది కాబట్టి సోలో వాద్యాన్ని విడి ట్రాకులో ఉంచండి.

తంబురా పెట్టేవాళ్లకు ఒక మాట. బాగా శ్రుతి చేసిన తంబురాలో దానంతటదే పలికే అంతర గాంధారం కీబోర్డు గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు (సెంటు అంటే ఒక మెట్టులో నూరో వంతు) తక్కువ. దాని మీద పియానోతో ఆ స్వరాన్ని చాలాసేపు నిలిపితే రెండూ రాసుకుంటాయి. అక్కడ షడ్జమం, పంచమం మాత్రమే నిలపండి.

గిటార్ స్ట్రమ్మింగ్‌లో తీగలన్నీ ఒకేసారి మోగవు. కిందికి కొట్టేటప్పుడు మంద్ర తీగ నుంచి, పైకి కొట్టేటప్పుడు సన్న తీగ నుంచి, మొదటి స్వరానికి చివరి స్వరానికి మధ్య 10 నుంచి 30 మిల్లీసెకన్లు ఉంచండి. డ్రమ్స్‌లో హైహ్యాట్ గట్టి దెబ్బకు వెలాసిటీ 95 ఇస్తే పక్క దెబ్బకు 65 చాలు. స్నేర్ మీద చిన్న దెబ్బలకు 25 నుంచి 40. డ్రమ్మర్‌కు రెండు చేతులే కాబట్టి క్రాష్, హైహ్యాట్, స్నేర్ ఒకే క్షణంలో రాకూడదు. క్వాంటైజ్ 100 శాతం కాకుండా 85 దగ్గర ఆపండి.

తబలా, ఢోలక్ లూపులకు శ్రుతి ఉంటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. పాట షడ్జమానికి కుదిరే లూపే ఎంచుకోండి. రెండు మెట్ల కంటే ఎక్కువ జరిపితే దెబ్బ మొన పోతుంది. పేరున్న లూపును ఉన్నదున్నట్టు ఒంటరిగా వాడితే, అదే లూపు వాడిన ఇంకో పాట పేరు మీద యూట్యూబ్‌లో మీకు క్లెయిమ్ రావొచ్చు.

ఒక్క వాద్యమైనా మనిషి వాయించాలి

వినేవాళ్ల చెవి ముందు వరసలో ఉన్న వాద్యం మీదే ఉంటుంది. అది నిజమైనదైతే వెనకాల ఉన్న సాంపిల్స్‌ను ఎవరూ అనుమానించరు. ఈ రెండు ఊళ్లలో వాద్యకారులకు కొదవ లేదు, విజయవాడలో ఘంటసాల పేరు మీద ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలే ఉంది. బడ్జెట్‌లో కొత్త లైబ్రరీకి అనుకున్న డబ్బు ఒక వయొలిన్ లేదా మృదంగం కళాకారుడికి ఇస్తే ట్రాకుకు ఎక్కువ మేలు.

గదిలో పరుపు, బట్టలు నిండిన బీరువా, మందపాటి కర్టెన్లు ఉన్న మూల చూసుకోండి. ఫ్యాన్, ఏసీ ఆపక తప్పదు. మే నెలలో అది కష్టమే, కాబట్టి గదిని ముందే చల్లబరిచి, ఒక్కో చరణం చొప్పున రికార్డు చేసి మధ్యలో ఏసీ వేసుకోండి. విజయవాడ కృష్ణలంక లాంటి రోడ్డు చప్పుడున్న చోట రాత్రి పది దాటాకే మైకు తెరవడం మంచిది.

మృదంగానికి ఈ ఎండ నేరుగా తగులుతుంది. పొడి వేడికి కుడి మూత బిగిసి శ్రుతి పెరుగుతుంది, తేమకు దిగుతుంది. ఎడమ మూతకు (తొప్పి) పెట్టిన తడి రవ్వ ఎండిపోతే దాని గుమ్మనే నాదం, గుమ్కీ, పలచబడుతుంది. అరగంటకోసారి ట్యూనర్‌తో షడ్జమం చూసి, రవ్వ తడిపించండి. లేదంటే మొదటి చరణం, చివరి చరణం రెండు వేర్వేరు మృదంగాల్లా ఉంటాయి. ఒకే మైకు ఉంటే వాద్యానికి ఎదురుగా రెండడుగుల దూరంలో, కొంచెం ఎత్తులో పెట్టి, రెండు మూతలూ సమానంగా వినబడేదాకా జరపండి.

వయొలిన్‌కు మైకు రెండడుగులు పైన, బ్రిడ్జి వైపు చూస్తూ ఉండాలి. దగ్గరపెడితే విల్లు గీరుడు ఎక్కువవుతుంది. ఫ్లూట్‌కు ఊదే రంధ్రానికి సూటిగా కాకుండా అడుగున్నర దూరంలో, వేళ్ల వైపుకు కొంచెం వంచి పెట్టండి. లెవెల్ శిఖరాలు మైనస్ 12 డీబీ దగ్గర ఉండనివ్వండి. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు ఇంకా పెంచాల్సిన అవసరం లేదు.

అన్నీ ఒకే గదిలో

ఒక్కో లైబ్రరీ ఒక్కో హాలు మోతతో వస్తుంది. వీలైనచోటల్లా ఆ రివర్బ్ తీసేసి, అన్నిటినీ ఒకే రివర్బ్ బస్‌కు (అన్ని ట్రాకులకూ ఉమ్మడి దారి) పంపండి. 1.5 సెకన్ల నిడివి, 20 మిల్లీసెకన్ల ప్రీడిలే (మోత మొదలయ్యేముందు ఆగే సమయం) మెలోడీ పాటలకు సరిపోతాయి. స్ట్రింగ్స్‌కు 100 హెర్ట్జ్ కింద కోసేయండి. కిక్ డ్రమ్, మృదంగం తొప్పి ఒకే చోట గుద్దుకుంటే కిక్‌నే తగ్గించండి, పాటకు లయ ఇచ్చేది మృదంగం. గొంతు స్పష్టత ఉండే 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య స్ట్రింగ్స్, గిటార్ రెండు మూడు డీబీ తగ్గితే పాడేవాళ్లకు చోటు దొరుకుతుంది.

కళాక్షేత్రంలోనైనా, గుడి పందిట్లోనైనా స్టేజి స్పీకర్లు చాలాసార్లు మోనోలోనే (ఎడమ, కుడి కలిపి ఒకటే చానల్) నడుస్తాయి. మిక్స్‌ను మోనోలో విని చూడండి. వెడల్పు ఎఫెక్టులు వేసిన ప్యాడ్లు (వెనకాల నిలిచి మోగే సౌండ్లు) అక్కడ మాయమైతే ఆ ఎఫెక్టు తీసేయాలి. కార్యక్రమానికి ఇచ్చే ఫైలు 24 బిట్ వేవ్, శిఖరం మైనస్ 1 డీబీ. డ్రమ్మర్ కూడా ఉంటే ఎడమ చానల్లో క్లిక్ (తాళం లెక్క చప్పుడు), కుడి చానల్లో మోనో ట్రాక్ ఉన్న ఇంకో ఫైలు చేసి, ఎడమ చానల్ హాలు స్పీకర్లలోకి పోకూడదని సౌండ్ వాళ్లకు ముందే చెప్పండి. లైవ్ వాద్యం, గొంతు, రిథమ్, మిగతావి విడివిడి స్టెమ్‌లుగా (ఒక్కో గుంపుకు ఒక ఆడియో ఫైలు) దాచి, ఫైలు పేరులోనే శ్రుతి, టెంపో రాయండి. వచ్చే దసరాకు అదే పాట వేరే గొంతుకు అడిగితే మిడీ భాగాలు జరుపుకోవచ్చు, లైవ్ వాద్యం మాత్రం మళ్లీ వాయించుకోవాల్సి వస్తుంది.