ఈక్వలైజర్ ముట్టుకునే ముందు బాక్స్ సంగతి చూడండి

సొంతంగా చేసుకున్న స్పీకర్ మొదటి పాటకే తుస్సుమంటే అందరి చేయీ ఈక్వలైజర్ మీదికే పోతుంది. అటు బేస్, ఇటు ట్రెబుల్ పైకి నెట్టేస్తారు. నేనైతే దాన్ని ఆఖరికి ముట్టుకుంటాను.

నా జత సంగతే చెబుతాను. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న బేస్ మోగించే 6.5 అంగుళాల వూఫర్, సన్నటి స్వరాలు పలికే అంగుళం ట్వీటర్, 18 మి.మీ. ప్లైవుడ్‌తో 20 లీటర్ల బాక్స్. పోర్టుకు, అంటే బాక్సులోని గాలి బయటికి వచ్చే దారికి, ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ గొట్టం.

ముందు లీకులు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 40 హెర్ట్జ్ స్వరం మెల్లగా పెట్టి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట, టెర్మినల్ ప్లేటు చుట్టూ తిప్పండి. పొగ వణికిన చోట గాలి పోతోంది. ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి లోపలి నుంచి పూడ్చితే చాలు. తర్వాత 1.5 వోల్టుల సెల్లు ప్లస్‌ను వూఫర్ ఎర్ర టెర్మినల్‌కు, మైనస్‌ను రెండో టెర్మినల్‌కు క్షణం తాకించండి. రెండు వూఫర్లూ బయటికే కదలాలి. ఒకటి లోపలికి పోతే బేస్ సగం అక్కడే మాయం.

ఇక పోర్టు. అసలు పని ఇక్కడే ఉంది. 80 హెర్ట్జ్ నుంచి స్వరాన్ని మెల్లగా కిందికి దించుతూ వూఫర్ కోన్ (ముందుకూ వెనక్కూ కదిలే భాగం) మీద వేలు ఆనించండి. ఒక చోట కోన్ దాదాపు ఆగిపోతుంది, గొట్టంలోంచి మాత్రం గాలి బుసబుసా కొడుతుంది. బాక్స్ ట్యూన్ అయింది అక్కడే. నా బాక్సులో 5 సెం.మీ. లోపలి వ్యాసం, 12 సెం.మీ. పొడవు ఉన్న గొట్టానికి లెక్క ప్రకారం 43 హెర్ట్జ్ వస్తుంది. అదే గొట్టాన్ని 7 సెం.మీ.కి కోస్తే 52కి ఎక్కుతుంది. కోయడం తేలిక, అతకడం కష్టం కాబట్టి పొడుగ్గానే మొదలుపెట్టి కొంచెం కొంచెంగా తగ్గించండి. ట్యూనింగ్ కంటే కింద కోన్‌కు పట్టు ఉండదు, ఊగిపోతుంది. అందుకే 35 హెర్ట్జ్ దగ్గర, అంతకంటే కింది స్వరాలను ఆపే హైపాస్ ఫిల్టర్ తప్పనిసరిగా పెడతాను.

ట్వీటర్ అరుస్తుంటే దాని మోత తగ్గించే రెండు రెసిస్టర్ల జత, ఎల్-ప్యాడ్, వేయండి, అంతే.

ఇప్పుడు కొలత. ల్యాప్‌టాప్‌లో రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత కొలత సాఫ్ట్‌వేర్, దానికో కొలత మైకు కావాలి. ఫోన్ మైకు చూపించే లోతు బేస్‌ను నేను నమ్మను. కూర్చునే కుర్చీ చుట్టూ నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయండి. మా గది పొడవు 12 అడుగులు. సగం శబ్ద తరంగం ఆ పొడవుకు సరిగ్గా పట్టే 47 హెర్ట్జ్ దగ్గర మోత ఉబ్బి గుబ్బ రావాలి, గ్రాఫ్‌లోనూ అక్కడే లేచింది. ఆ తప్పు గోడలది. దాన్ని కంప్యూటర్‌లో పనిచేసే ఈక్వలైజర్ ఏపీవో సాఫ్ట్‌వేర్‌లో సన్నటి ఫిల్టర్‌తో 6 డెసిబెల్స్ దించితే మృదంగం ఎడమ వైపు మోత విడివిడిగా వినబడుతుంది.

గ్రాఫ్‌లో శబ్దం పడిపోయిన గుంతల్ని మాత్రం పూడ్చబోకండి. స్పీకర్ ముందు భాగం వెనక గోడకు మీటరు దూరంలో ఉంటే, గోడకు తగిలి తిరిగొచ్చిన శబ్దం 86 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. అక్కడ ఎంత పెంచినా అంతా చిల్లుకుండలో నీళ్లే. 10 డెసిబెల్స్ పెంచితే యాంప్ పదింతల పవర్ ఇవ్వాలి. 20 వాట్లు అడిగే చోట 200. దానికి బదులు స్పీకర్‌ను గోడ వైపు జరిపి మళ్లీ కొలవండి.

పెంచక తప్పని చోటు నాకు ఒక్కటే కనిపించింది. 22 సెం.మీ. వెడల్పు బాక్సులో సుమారు 500 హెర్ట్జ్ కంటే కింది శబ్దం ముందుకే రాకుండా వెనక్కీ పరుచుకుంటుంది, దాంతో గొంతులు పలచబడతాయి. కింది స్వరాలన్నిటినీ కలిపి పెంచే లో-షెల్ఫ్ ఫిల్టర్‌తో 3 డెసిబెల్స్ ఇచ్చి, అదే సాఫ్ట్‌వేర్‌లో మొత్తం స్థాయిని మార్చే ప్రీయాంప్‌ను అంతే తగ్గించండి. లేకపోతే శబ్దం పగులుతుంది. పరీక్షకు పాటల కంటే ఆకాశవాణి వార్తలు మేలు. చదివే గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంటే 200–300 మధ్య కాస్త తగ్గించండి. స, శ గుచ్చుకుంటే 6,000–8,000 మధ్య చూడండి.

ఈక్వలైజర్ వేసి, తీసి పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమూ సమానం చేసుకోండి. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా చెవి దానికే ఓటేస్తుంది.