వాల్‌నట్ ఇంజనీర్డ్ చెక్క నేల: ఎంపిక, అమరిక, సంరక్షణ

వాల్‌నట్ నేల కొనదలచినవారు సాధారణంగా రంగు చూసే నిర్ణయానికి వచ్చేస్తారు. ముదురు గోధుమరంగు చేవ, అందులో అలలుగా సాగే చారలు, అక్కడక్కడ తొంగిచూసే ఊదా ఛాయ కంటబడ్డాక ఇంకేమైనా అడగాలని తోచదు. అయితే ఆ నేల ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేవి మాత్రం కంటికి కనిపించనివే: పై పొర మందం, దాని కింది పొరల నాణ్యత, ఆ కింద ఉన్న కాంక్రీటులోని తేమ, గోడ పక్కన వదిలిన సందు. డబ్బు, సమయం రెండూ ముందుగా వీటికి కేటాయించి, మిగిలినది రంగుకు ఖర్చుపెట్టడం మంచిది.

చెక్క తేమను పీల్చినప్పుడు పొడవునా దాదాపుగా పెరగదు, వెడల్పునా మాత్రం ఉబ్బుతుంది. ఆరినప్పుడు అదే దిశలో కుంచించుకుపోతుంది. ఇంజనీర్డ్ పలకలో పైన అసలు వాల్‌నట్ పొర ఒకటి ఉండి, దాని కింద ఒకదానికొకటి అడ్డంగా అతికించిన చెక్క పొరలు ఉంటాయి కనుక, ఒక పొర కదలికను దాని పక్క పొర అడ్డుకుంటుంది. వెడల్పైన పలకలను కాంక్రీటు మీద, నేల కింద వేడిగొట్టాలు ఉన్న గదుల్లో కూడా పరచగలగడానికి కారణం ఇదే. కదలిక తగ్గుతుందే గాని పోదు. నీరు నిలిచే స్నానాల గదికి ఈ నేల పనికిరాదు. కాగితం మీద చెక్క బొమ్మ ముద్రించి తయారుచేసే లామినేట్‌తో దీనిని పొరబడకూడదు.

ఎంచుకునేటప్పుడు

పై పొర 0.6 మిల్లీమీటర్ల నుంచి 6 మిల్లీమీటర్ల వరకు దొరుకుతుంది. ఒకసారి నున్నగా చెక్కించి తిరిగి పూత వేయించాలంటే సుమారు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు అరిగిపోతుంది. అందువల్ల 2 మిల్లీమీటర్ల కంటే పలుచని పొరను చెక్కించే ఆశ పెట్టుకోకూడదు. 3 మిల్లీమీటర్ల పొర ఒకటి రెండు సార్లు, 4 మిల్లీమీటర్ల పొర రెండు మూడు సార్లు తట్టుకుంటుంది. అమ్మకందారు సాధారణంగా చెప్పేది పలక మొత్తం మందం. 20 మిల్లీమీటర్ల పలక అని వినగానే గట్టిదనిపిస్తుంది గాని, దానిపై వాల్‌నట్ ఒక్క మిల్లీమీటరే ఉంటే, 4 మిల్లీమీటర్ల పై పొర ఉన్న 14 మిల్లీమీటర్ల పలకకే ఆయుష్షు ఎక్కువ. పలక ముక్క ఒకటి అడిగి తీసుకుని, కోసిన అంచు దగ్గర స్కేలు పెట్టి స్వయంగా కొలుచుకోవాలి.

అదే అంచులో కింది పొరలను కూడా చూడవచ్చు. సందులు లేకుండా, సమమైన పలుచని పొరలతో చేసిన బర్చ్ ప్లైవుడ్ నమ్మదగినది. చెక్క నారను ఒత్తిడితో గట్టిపరచి చేసే హెచ్‌డీఎఫ్ అడుగు చాలా చదునుగా ఉంటుంది, పలకల అంచులను జిగురు లేకుండా ఒకదానిలో ఒకటి ఇరికించే క్లిక్ పద్ధతిలో బిగించడానికి అనువైనది. కాని ఒకసారి నీరు తాగి ఉబ్బితే మళ్లీ పాత ఆకారానికి రాదు. పొరలను అతికించే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు వెలువడుతుంది కనుక, దానికి హద్దు పెట్టే యూరప్ ఈ1 లేదా కాలిఫోర్నియా కార్బ్ ఫేజ్ 2 ప్రమాణానికి లోబడినదో కాదో అడగాలి.

ఇక చెక్క జాతి. అసలైన అమెరికన్ బ్లాక్ వాల్‌నట్ శాస్త్రీయ నామం జుగ్లాన్స్ నైగ్రా. బ్రెజీలియన్ వాల్‌నట్ పేరుతో అమ్మే ఇపే అసలు ఆ కుటుంబానికే చెందదు, దాని గట్టిదనం వాల్‌నట్‌కు మూడు రెట్ల పైమాటే. తుమ్మజాతి అకేషియాను కూడా కొందరు వాల్‌నట్ పేరుతోనే అమ్ముతారు. ఇవి చెడ్డ చెక్కలని కాదు. కొనేది ఏమిటో తెలిసి కొనాలి. ఇన్‌వాయిస్ మీద శాస్త్రీయ నామం రాయించుకుంటే వాదనకు తావుండదు.

గట్టిదనాన్ని కొలిచే జాంకా లెక్కలో బ్లాక్ వాల్‌నట్ 1010 దగ్గర ఉండగా రెడ్ ఓక్ 1290, వైట్ ఓక్ 1360 దగ్గర ఉంటాయి. అంటే వాల్‌నట్ కొంత మెత్తని చెక్క. కుర్చీ కాళ్లకు, మడమ చెప్పులకు, జారిపడిన పాత్రలకు దానిపై గుంటలు పడతాయి. ఈ గుణాన్ని ముందే ఒప్పుకుని పూతను ఎంచుకోవాలి. అల్యూమినియం ఆక్సైడ్ కలిపిన లక్కర్ పూత గీతలను బాగా అడ్డుకుంటుంది, కాని దెబ్బతిన్న చోట మాత్రమే సరిచేయడం కష్టం. మైనం కలిసిన నూనె పూతకు అప్పుడప్పుడు తిరిగి నూనె పట్టించాలి, అందుకు బదులుగా ఒక్క పలకను విడిగా బాగుచేసుకునే వీలుంటుంది. మెరుపు పూత వాల్‌నట్‌కు నా దృష్టిలో తగినది కాదు, ఎందుకంటే ముదురురంగు నేల మీద మెరుపు తోడైతే ప్రతి గీతా, ప్రతి ధూళి రేణువూ కనిపిస్తుంది.

రంగు విషయంలో మరో సంగతి ఉంది. చాలా చెక్కలు వెలుతురుకు ముదురుతాయి, వాల్‌నట్ మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ లేతబడి తేనెరంగు వైపు మళ్లుతుంది. షోరూమ్‌లో చూసిన ఛాయే ఎప్పటికీ ఉండాలని కోరుకునేవారు ఈ చెక్క జోలికి పోకపోవడమే మేలు.

కోతల్లో పోయేదానికి నేల విస్తీర్ణం కంటే 7 నుంచి 10 శాతం, చేపముల్లులా ఏటవాలుగా పేర్చే హెరింగ్‌బోన్ అల్లికకు 15 శాతం వరకు అదనంగా తీసుకోవాలి. భవిష్యత్తు మరమ్మతులకు ఒక పెట్టె దాచుకోవాలి.

పరచడానికి ముందు

చెడిపోయిన చెక్క నేలల్లో చాలావాటికి కారణం కింది తేమే. మంచి గాలి, వెచ్చదనం ఉన్న చోట కూడా కాంక్రీటు మొదటి 50 మిల్లీమీటర్ల వరకు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఆరుతుందని, ఆపై ఇంకా మెల్లగా ఆరుతుందని లెక్క వేస్తారు. కాబట్టి మందమైన స్లాబుకు నెలలు పడుతుంది. పైభాగం పొడిగా కనిపించినా లోపల తడి ఉండవచ్చు. స్లాబుకు రంధ్రం చేసి లోపల మీటరు ఉంచి కొలిచే సాపేక్ష ఆర్ద్రత పరీక్ష నమ్మదగినది, ఆ కొలత 75 శాతానికి లోపు ఉండాలని చాలామంది తయారీదారులు అడుగుతారు. పాలిథీన్ ముక్కను నేలకు అతికించి మరునాడు చూసే పద్ధతిలో నీటి బిందువులు కనబడితే తడి ఉన్నట్టే, కనబడకపోయినంత మాత్రాన పొడి అని తీర్మానించకూడదు.

గోడల పూత, రంగులు, టైల్స్ వంటి తడిపనులన్నీ ముగిశాకే పలకలను గదిలోకి తేవాలి. గది ఉష్ణోగ్రత 18 నుంచి 24 డిగ్రీల సెల్సియస్, ఆర్ద్రత 35 నుంచి 55 శాతం మధ్య ఉంచి, పెట్టెలను బల్లపరుపుగా పేర్చి తయారీదారు చెప్పినన్ని రోజులు ఆగాలి. నేల చదును రెండు మీటర్ల సరళమైన పట్టీతో చూడాలి. దాని కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు కనబడితే ఎత్తుపల్లాలను సరిచేశాకే ముందుకు సాగాలి. రసమట్టం ఈ పనికి చాలదు, ఎందుకంటే కొద్దిగా వాలుగా ఉన్నా చదునుగా ఉన్న నేల మీద పలకలు బాగానే కూర్చుంటాయి.

పరిచే పద్ధతి

పలకలను ఒకదానికొకటి మాత్రమే బిగించి, నేలకు అతికించకుండా మెత్తని పలుచని అడుగు పొర మీద తేలేలా పరచడం సులభం. కాంక్రీటు మీద ముందు పాలిథీన్ షీటు పరచి, అతుకుల దగ్గర ఒకదానిపై ఒకటి ఎక్కించి టేపు వేయాలి. సాగే గుణమున్న పాలీయురేథేన్ లేదా ఎంఎస్ పాలిమర్ జిగురుతో నేలకు అతికించడం ఖర్చుతో కూడినదే అయినా, నడిచేటప్పుడు బోలు శబ్దం రాదు. నేల కింద వేడిగొట్టాలు ఉంటే ఇదే సరైనది, అప్పుడు కూడా నేల ఉపరితలం 27 డిగ్రీలు దాటకూడదు. మేకులు కొట్టడం కింద చెక్క నేల ఉన్న చోటుకే పరిమితం.

మూడు నాలుగు పెట్టెలు విప్పి పలకలను కలిపి పేర్చుకుంటే ఒకే ఛాయ ఒకేచోట గుంపుగా చేరదు. గది వెడల్పును పలక వెడల్పుతో భాగించి చూసుకుని, చివరి వరుస 50 మిల్లీమీటర్ల కంటే సన్నగా మిగిలేలా ఉంటే మొదటి వరుసనే కొంత కోసి మొదలుపెట్టాలి. గోడల వెంట, గొట్టాల చుట్టూ, ద్వారబంధాల దగ్గర 10 నుంచి 15 మిల్లీమీటర్ల సందు తప్పక ఉండాలి. ఈ సందును స్కర్టింగ్ కప్పేస్తుంది, అయితే స్కర్టింగ్‌ను గోడకే బిగించాలి తప్ప నేలకు కాదు. ద్వారబంధం చుట్టూ పలకను వంకరగా కత్తిరించడానికి తంటాలు పడే బదులు, పలక ముక్కను కొలతగా పెట్టి బంధం అడుగునే కోసి పలకను దాని కిందికి జరపవచ్చు. పక్కపక్క వరుసల అతుకులు కనీసం 300 మిల్లీమీటర్ల ఎడంగా ఉంటే నేల గట్టిగానూ, కంటికి ఇంపుగానూ ఉంటుంది. పలకను సుత్తితో నేరుగా కొట్టకుండా మధ్యలో చెక్కదిమ్మ పెట్టాలి. తేలే నేల మీద వంటగది అల్మారాల వంటి కదలని బరువులను నిలపకూడదు, ఆ బరువు నేలను ఒకచోట బిగబట్టి మిగతా భాగాన్ని కదలనివ్వదు.

పైన పడిన జిగురును తడిగా ఉన్నప్పుడే తుడవాలి, ఎండితే పూతతో సహా ఊడుతుంది. కోసేటప్పుడు మాస్కు ధరించాలి. బ్లాక్ వాల్‌నట్ పొట్టు గుర్రాల కింద పరిస్తే వాటి డెక్కల్లో తీవ్రమైన వాపు వస్తుంది కనుక ఆ పొట్టును గుర్రపుశాలకు ఇవ్వకూడదు.

సంరక్షణ

ఇసుక రేణువులే ఈ నేలకు అసలు శత్రువులు. గుమ్మం దగ్గర పట్టా, కుర్చీ కాళ్లకు ఫెల్టు ముక్కలు, రోజూ మెత్తని చీపురు ఉంటే సగం పని అయినట్టే. తుడిచే గుడ్డ గట్టిగా పిండినదై ఉండాలి. ఆవిరి మాపు, వెనిగర్, అమ్మోనియా వాడకూడదు. రబ్బరు అడుగున్న పట్టాలు మచ్చలు పెడతాయి. రంగు లేతబడేది వెలుతురు సోకిన చోటే కనుక, మొదటి నెలల్లో తివాచీలు పరచకుండా ఉండటం, తర్వాత అప్పుడప్పుడు జరుపుతూ ఉండటం మంచిది.

పలకల అంచులు పైకి లేచి మధ్య భాగం గుంటపడినట్టు కనిపిస్తే అడుగున తేమ చేరిందని అర్థం. వెంటనే చెక్కించాలనిపిస్తుంది గాని, అలా చేస్తే తేమ ఆరాక మధ్య భాగం ఉబ్బెత్తుగా మిగిలిపోతుంది. నీరు ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టి ఆపి, పలకలు పూర్తిగా ఆరాకే మరమ్మతు ఆలోచించాలి. నూనె పూత ఉన్న నేలకు నూనె పట్టించిన గుడ్డలను కుప్పగా వదిలేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి, వాటిని నీటిలో తడిపి మూత ఉన్న లోహపు డబ్బాలో వేయాలి, లేదా ఆరుబయట విడివిడిగా పరచి పూర్తిగా గట్టిపడేదాకా ఆరబెట్టాలి.