యూనివర్సిటీ హాస్టల్లో మొదటి సెమిస్టరు: రోజును మీరే అమర్చుకునే పద్ధతి

ఇంటర్మీడియట్‌ను గురుకులంలోనో రెసిడెన్షియల్ కాలేజీలోనో చదివినవారు తెల్లవారుజామున విజిల్‌కు లేచి, రాత్రి స్టడీ అవర్ ముగిశాకే పడుకునే అలవాటులో పెరుగుతారు. డిగ్రీకి ఇంటి నుంచి వెళ్లి వచ్చినవారిని లేపడానికి అమ్మ ఉంటుంది, ఆలస్యమైతే బస్సు తప్పిపోతుందన్న భయం ఉంటుంది. పీజీలో సీటు వచ్చి యూనివర్సిటీ హాస్టల్ గదిలో పెట్టె, బకెట్టు దింపిన రోజు నుంచి ఈ రెండూ ఉండవు. ఎప్పుడు లేచావని, క్లాసుకు వెళ్లావా అని, రాత్రి ఏం చదివావని అడిగే మనిషి ఉండరు. మొదటి సెమిస్టరులో వెనకబడిన నా తోటివారిలో చాలామంది తెలివైనవారే. గంట కొట్టేవారు లేని రోజును ఎలా గడపాలో వారికి ఎవరూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. చరిత్ర ఎం.ఏ. చదివిన రెండేళ్లలో తప్పులు చేసి నేర్చుకున్నదాన్ని కొత్తగా చేరేవారికోసం ఇక్కడ రాస్తున్నాను.

తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష అయిన సీపీగెట్ రాసి ఉస్మానియా వంటి క్యాంపస్‌లో చేరి, హాస్టల్లో ఉండబోయేవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాశాను గనుక ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే ఉంటాయి. కాకతీయ, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో వేళలు, పేర్లు మారతాయి గాని రోజు నడిచే తీరు పెద్దగా మారదు.

మొదటి వారంలో టైంటేబుల్ వేసుకోకండి. ఆ వారమంతా ఒక చిన్న నోటుపుస్తకం జేబులో పెట్టుకుని, మీ చేతిలో లేని వేళలను మాత్రం రాసుకోండి. మెస్సులో టిఫిన్ ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుంది, మధ్యాహ్నం వరుస ఎప్పుడు పొడవుగా ఉంటుంది, కుళాయిలో నీళ్లు ఎప్పుడు వస్తాయి, స్నానాల గదులు ఎప్పుడు ఖాళీగా దొరుకుతాయి, టైంటేబుల్లో ఉన్న క్లాసుల్లో నిజంగా ఏవి ఏ వేళకు జరుగుతున్నాయి, లైబ్రరీ చదువుకునే హాలు ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది అన్నవి రాసుకుంటే చాలు. గోడకు అంటించిన అందమైన టైంటేబుళ్లు పది రోజులకే పనికిరాకుండా పోవడానికి కారణం, వాటిని రాసినవారు మెస్సు వేళను, నీళ్ల వేళను లెక్కలోకి తీసుకోకపోవడమే. ఉదయం ఏడు నుంచి ఎనిమిది వరకు చదువుతానని రాసుకున్నవారికి సరిగ్గా ఆ గంటలోనే బకెట్టు పట్టుకుని వరుసలో నిలబడవలసి వస్తే చదువు ఎక్కడ సాగుతుంది? అందువల్ల ముందుగా ఇతరులు నిర్ణయించిన వేళలను కాగితం మీద మేకులుగా కొట్టండి, ఆ మేకుల మధ్య మిగిలిన జాగాలోనే మీ చదువును తగిలించండి.

మెస్సు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. యూనివర్సిటీ హాస్టళ్లలో నెల ఖర్చునంతా లెక్కగట్టి అక్కడ తినేవారందరికీ పంచే పద్ధతి ఉంటుంది గనుక మీరు ఒక పూట మానేసినంత మాత్రాన మీ బిల్లు తగ్గదు. టిఫిన్ మానేసి పదకొండు గంటలకు క్యాంటీన్లో సమోసా, టీ తీసుకునే అలవాటు పడితే ఒకే పూటకు రెండుసార్లు డబ్బు కట్టినట్టవుతుంది. ఉప్మా అయినా కిచిడీ అయినా వేళకు వెళ్లి తినడం డబ్బుకూ మంచిది, రోజుకూ మంచిది. ఎందుకంటే టిఫిన్‌కు వెళ్లడమనే ఒక్క పని మిమ్మల్ని ఎనిమిది గంటలకల్లా స్నానం చేయించి, బట్టలు మార్పించి, గది బయటకు తెస్తుంది. ఎక్కువ రోజులు ఊరికి వెళ్తున్నప్పుడు ఆ రోజులను లెక్కలోంచి తీసేసే సదుపాయం ఉందా అని మెస్సు లెక్కలు చూసేవారిని ముందుగానే అడగండి, వెళ్లి వచ్చాక అడిగితే ప్రయోజనం ఉండదు.

ఉదయాన్నే లేచేవారికి ఉస్మానియాలో ఒక భాగ్యం ఉంది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు రోడ్డు మీద అయిదున్నర నుంచి నడకకు వచ్చేవారు, పరుగులు తీసే పోలీసు ఉద్యోగార్థులు కనిపిస్తారు. వారితోపాటు అరగంట నడిచి వచ్చి గదిలో గంటసేపు చదివితే, ఆ గంట రాత్రి చదివే రెండు గంటలకు సమానమని నా అనుభవం. గదిలో మిగిలినవారు నిద్రపోతుంటే లైటు వేయకుండా వరండాలోనో చదువు గదిలోనో కూర్చోండి. గదిలో కలిసి ఉండేవారితో లైటు ఎప్పుడు ఆర్పాలి, ఫోను ఎక్కడ మాట్లాడాలి, బయటి స్నేహితులు ఎన్నాళ్లు ఉండవచ్చు అనే మూడు విషయాలను మొదటి వారంలోనే మాట్లాడుకుంటే తరువాత మనస్పర్థలు రావు.

క్లాసుల విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. సెమిస్టరుకు కనీసం 90 బోధన దినాలు ఉండాలన్నది యూజీసీ నియమం, హాజరు 75 శాతం కావాలి. అంటే 90 రోజుల్లో 68 రోజులు కచ్చితంగా ఉండాలి, మిగిలేవి 22. వినడానికి 22 చాలా ఎక్కువగా అనిపిస్తుంది. అయితే దసరాకు ముందు రెండు రోజులు, తరువాత మూడు రోజులు, అక్క పెళ్లికి ఒక వారం, జ్వరానికి ఇంకో వారం పోతే మీ దగ్గర కొద్ది రోజులే మిగులుతాయి. హాజరును సబ్జెక్టువారీగా చూస్తారు గనుక వారంలో రెండే క్లాసులుండే పేపర్లో నాలుగు తప్పినా శాతం గట్టిగా పడిపోతుంది. నోటుపుస్తకం వెనక పేజీలో పేపరుకొక గడి గీసి, తప్పిన ప్రతి క్లాసుకూ ఒక గీత పెట్టండి. వైద్య ధ్రువపత్రం, రుసుము తీసుకుని తక్కువ హాజరును కొంతమేరకు మన్నించే వీలు చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది, కానీ దానిని నిజంగా జబ్బు పడ్డ రోజులకోసం దాచుకోవాలి.

పీజీ రోజంతటిలో అన్నిటికంటే ఎక్కువగా చేజారేది మధ్యాహ్నం. ఒక క్లాసు పన్నెండుకు అయిపోతుంది, తరువాతది మూడు గంటలకు ఉంటుంది. అన్నం తిని గదికి వెళ్లి కాసేపు నడుము వాల్చుదామనుకున్నవారు నాలుగున్నరకు లేస్తారు, క్లాసు పోతుంది, రాత్రి నిద్ర రాదు, మరునాడు టిఫిన్ కూడా పోతుంది. అందుకు నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, మధ్యాహ్న భోజనం తరువాత గదికి వెళ్లకపోవడం. ఉదయమే సంచిలో నీళ్ల సీసా, పుస్తకం, ఛార్జరు పెట్టుకుని బయలుదేరి, భోజనం కాగానే నేరుగా లైబ్రరీకి వెళ్లండి. కునుకు వస్తే బల్ల మీదే పదిహేను నిమిషాలు తల వాల్చండి. కుర్చీలో నిద్ర సాగదు, మంచం మీద ఆగదు.

లైబ్రరీలో మొదటి రోజు చేయవలసిన పని పుస్తకం వెతకడం. చాలా గ్రంథాలయాలు డ్యూయీ దశాంశ వర్గీకరణను పాటిస్తాయి. దాని ప్రకారం ఆర్థికశాస్త్రం 330 దగ్గర, భారతదేశ చరిత్ర 954 దగ్గర, తెలుగు సాహిత్యం 894 దగ్గర ఉంటాయి. మీ విషయపు అంకె తెలుసుకుని ఆ బీరువా ముందు ఒక సాయంత్రం నిలబడండి. సిలబస్‌లో పేరున్న పుస్తకం దొరకకపోయినా దాని పక్కనే అదే విషయం మీద మరో మూడు కనిపిస్తాయి.

తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివి వచ్చినవారికి అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. క్లాసు ఇంగ్లీషులో సాగుతుంది, పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటం అడ్డొస్తుంది. నేను మొదటి నెలలో ఒక పేజీకి నలభై మాటలు నిఘంటువులో వెతికి, పేజీ పూర్తయ్యేసరికి మొదటి పేరాలో ఏముందో మరిచిపోయేవాణ్ణి. తరువాత ఒక సీనియర్ అన్న చూపించిన పద్ధతి ఇది. పేరాను నిఘంటువు ముట్టుకోకుండా ఒకసారి పూర్తిగా చదవాలి, ఏ మాట తెలియకపోతే వాక్యమే అర్థం కాదో ఆ మాట కిందనే గీత గీయాలి, అవి పేరాకు మూడు నాలుగుకు మించవు. వాటి అర్థం చూసుకున్నాక పేరా సారాన్ని పుస్తకం మూసి రెండు తెలుగు వాక్యాల్లో రాయాలి. హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్దారీ రద్దు గురించి చదువుతున్నారనుకుందాం. నోటుపుస్తకం ఎడమ పేజీలో ‘నిజాం సొంత భూములైన సర్ఫ్-ఎ-ఖాస్ 1949లో ప్రభుత్వ భూముల్లో కలిసింది, అదే సంవత్సరం జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది’ అని తెలుగులో రాసుకుని, కుడి పేజీలో అదే విషయాన్ని మీకు వచ్చిన చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయండి. తప్పులు ఉండనివ్వండి. మొదట్లో రోజుకు రెండు పేజీలే సాగుతుంది, డిసెంబరు వచ్చేసరికి ఎనిమిది పేజీలు సాగుతుంది. విషయం అసలే పట్టుబడనప్పుడు తెలుగు అకాడమీ పుస్తకంలోనో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠ్యపుస్తకంలోనో ముందు చదివి, ఆ తరువాత ఇంగ్లీషు పుస్తకానికి రండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇగ్నో పాఠాలు ఈజ్ఞానకోశ్‌లో, దేశంలోని విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలు శోధగంగలో ఉచితంగా దొరుకుతాయి. పరీక్షలో సమాధానాలు తెలుగులో రాయవచ్చా లేదా అన్నది మీ శాఖలో మొదటి నెలలోనే అడిగి తెలుసుకోండి.

సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకు చదవమని నేను చెప్పను. టీ కొట్టు దగ్గర మాటలు, మైదానంలో ఆట, సభలు, చర్చలు క్యాంపస్ చదువులో భాగమే, వాటిని వదులుకున్నవారు కోల్పోయేది చాలా ఉంటుంది. ఏడున్నరకు భోజనం చేసి, ఎనిమిది నుంచి పదిన్నర వరకు కూర్చుంటే చాలు. ఆ వేళలో ఫోనును గదిలో వదిలి చదువు గదికి వెళ్లండి. మొదటి గంటలో ఆనాటి క్లాసు నోట్సును చూసుకుని, మిగిలిన సమయంలో ఒక ప్రశ్నకు సమాధానం పూర్తిగా రాయండి, ఎందుకంటే పరీక్షలో చేయి మూడు గంటలు ఆగకుండా నడవాలి. నెట్, గ్రూప్స్ వంటి పరీక్షల మీద ఆశ ఉన్నవారు మొదటి సెమిస్టరులోనే అశోక్‌నగర్ కోచింగ్‌కు పరుగెత్తవద్దని నా అభిప్రాయం. నెట్ రెండో పేపరు మీ ఎం.ఏ. సిలబస్‌కు దగ్గరగానే ఉంటుంది. క్లాసు చదువు గట్టిగా ఉంటే ఆ పునాది దానికీ పనికొస్తుంది.

డబ్బు విషయం చదువుతో ముడిపడి ఉంటుంది. తెలంగాణలో ఈపాస్ ద్వారా ఉపకార వేతనానికి దరఖాస్తు చేసేవారు పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, ఆధార్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, బోనఫైడ్, ఆధార్‌తో జతపడిన బ్యాంకు ఖాతా సిద్ధంగా పెట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో నింపడంతో పని అయిపోదు. మీసేవలో వేలిముద్ర వేయాలి, దరఖాస్తు ప్రతిని జత కాగితాలతో కాలేజీ కార్యాలయంలో ఇవ్వాలి. నేను ఆన్‌లైన్‌లో నింపి నిశ్చింతగా కూర్చుని, వేలిముద్ర సంగతి నెలల తరబడి వాయిదా వేశాను. తోటివారికి డబ్బు పడిన రోజున మెస్సు బకాయి తీర్చడానికి ఇంటికి ఫోను చేయవలసి వచ్చింది. నాన్న ఏమీ అనకుండా మరునాడే పంపారు, ఆ డబ్బు ఎరువుల కోసం దాచినదని చెల్లి తరువాత చెప్పింది. కాగితాల పనికి వారంలో ఒక మధ్యాహ్నాన్ని పక్కన పెట్టుకోండి, ఇచ్చిన ప్రతి కాగితానికీ జిరాక్స్ తీసి ఒక ఫైలులో ఉంచండి. పెళ్లిళ్ల కాలంలో క్యాటరింగ్ పనికి వెళ్లే విద్యార్థులు చాలామంది ఉంటారు. అవసరమైనవారు వెళ్లవలసిందే గాని, రాత్రి ఒంటిగంట వరకు నిలబడే పని గనుక శనివారాలకు పరిమితం చేసుకుంటే మరునాడు క్లాసు పోదు.

ఆదివారం ఉదయం నీళ్లు వచ్చే వేళకే బట్టలు నానబెట్టి ఉతికి, మధ్యాహ్నానికల్లా దండెం మీద ఆరవేయండి. వానాకాలంలో దోమతెర తప్పనిసరి. జ్వరం రెండో రోజుకు తగ్గకపోతే గదిలో మాత్రలు మింగుతూ పడుకోకుండా క్యాంపస్ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి. గదిలో ఒకరికి మీ ఇంటి ఫోను నంబరు ఇచ్చి ఉంచండి. ఆదివారం రాత్రి పది నిమిషాలు కూర్చుని ఆ వారం గీసిన హాజరు గీతలు, చదివిన పేజీలు, ఖర్చు చేసిన డబ్బు చూసుకుని, వచ్చే వారంలో మార్చవలసిన ఒక్క విషయాన్నే రాసుకోండి.

బతుకమ్మకో దసరాకో ఊరికి వెళ్లే ముందు రోజు సాయంత్రం మీ కాగితాల ఫైలు తెరిచి ఏది లేదో చూసుకోండి. ఆదాయ ధ్రువపత్రం తీసుకోవడానికి సొంత మండలంలో ఉన్నప్పుడే దరఖాస్తు పెట్టడం సులభం గనుక పండుగకు ఒక పనిరోజు ముందే చేరేలా టికెట్ చూసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చే పచ్చడి సీసాతోపాటు ఒక దుప్పటి తెచ్చుకోండి, నవంబరు నుంచి క్యాంపస్ చెట్ల మధ్య చలి గట్టిగానే ఉంటుంది.