స్పీకర్లకు తగిన యాంప్లిఫయర్ – నాలుగవ పాఠం: 2.83 వోల్టుల చిక్కు

స్పీకరుకు ఎన్ని వాట్ల యాంప్లిఫయర్ కావాలో తేల్చే గత పాఠంలోని లెక్కను చేసి చూసినవారిలో చాలామంది ఒకే చోట తప్పారు. నేను అక్కడ తొందరపడి ముందుకు సాగడమే దానికి కారణం. అందుచేత ఈసారి చెప్పవలసిన క్లిప్పింగ్‌ను (శక్తి చాలక యాంప్లిఫయర్ ధ్వని శిఖరాలను కోసేయడాన్ని) వాయిదా వేసి, ముందు ఆ లెక్కను సరిచేస్తాను. శక్తి రెట్టింపయితే 3 డెసిబెల్స్, పదింతలయితే 10 డెసిబెల్స్ పెరుగుతాయన్నది మీకు వచ్చినదే.

మన ఉదాహరణలోని స్పీకర్ సెన్సిటివిటీ (నిర్ణీత సంకేతం ఇస్తే ఒక మీటరు దూరంలో వచ్చే ధ్వని) 87 డెసిబెల్స్, ఇంపెడెన్స్ (కరెంటుకు అది చూపే అడ్డు) 4 ఓమ్‌లు. కూర్చునే చోట సంగీతం సగటున 80 డెసిబెల్స్ ఉండాలనీ, డ్రమ్ము దెబ్బ పడినప్పుడు దానిపై మరో 20 ఎగసినా చెదరకూడదనీ అనుకున్నాం. దూరం వల్ల తగ్గేదానిలోంచి గోడలు, రెండో స్పీకరు కలిపేది తీసివేసి, నికర నష్టాన్ని 6గా తీసుకున్నాం. అంటే ఒక మీటరు దూరంలో 106 డెసిబెల్స్ కావాలి. ఆ 87 ఒక వాటుకు వచ్చేదే అనుకుంటే, అక్కడికి 19 డెసిబెల్స్, సుమారు 80 వాట్లు. ఇక్కడే ఆగిపోయి, '8 ఓమ్‌ల వద్ద 80 వాట్లు' అని రాసి ఉన్న యాంప్లిఫయర్ చాలునని చాలామంది తేల్చేశారు.

ఆ 87 పక్కనే చిన్న అక్షరాల్లో '2.83 వోల్టులు, 1 మీటరు' అని ఉంటుంది. దాన్ని చూడకుండా దాటవేయడమే నన్ను ఎక్కువగా బాధపెట్టే పొరపాటు. వోల్టుల వర్గాన్ని ఓమ్‌లతో భాగిస్తే వాట్లు వస్తాయి. 2.83 వర్గం దాదాపు 8 కనుక, 8 ఓమ్‌ల స్పీకరుకు అది ఒక వాటు, 4 ఓమ్‌ల స్పీకరుకు మాత్రం రెండు వాట్లు. మన స్పీకరు ఆ 87ను రెండు వాట్లు తీసుకుని ఇస్తోంది. ఒక్క వాటుకు ఇచ్చేది 84 మాత్రమే. అప్పుడు కావలసింది 19 కాదు, 22 డెసిబెల్స్, అంటే సుమారు 160 వాట్లు.

అలాగని ఆ యాంప్లిఫయర్ పనికిరాదని కాదు. 8 ఓమ్‌ల వద్ద 80 వాట్లంటే దాదాపు 25 వోల్టులు. అవే వోల్టులను 4 ఓమ్‌ల మీదా నిలబెట్టగలిగితే 160 వాట్లు వచ్చినట్టే. అయితే అందుకు కరెంటు 3 ఆంపియర్ల పైచిలుకు నుంచి 6 దాటాలి, పవర్ సప్లయ్ అంత ఇవ్వలేక 110 వాట్ల దగ్గరే ఆగిపోయేవి ఎన్నో ఉన్నాయి. అలాంటిదాన్ని వాడితే, మీరు కోరిన శిఖరానికి ఒకటిన్నర డెసిబెల్స్ ఇవతలే క్లిప్పింగ్ మొదలవుతుంది. అందుకే నేను ముందుగా చూసేది 4 ఓమ్‌ల వద్ద, రెండు ఛానళ్లూ ఒకేసారి పనిచేస్తుండగా కొలిచిన అంకెనే.

మీరు నిజంగా ఎన్ని వాట్ల దాకా వాడుతున్నారో చూసే ఈ అభ్యాసానికి మల్టీమీటరు కావాలి. ట్యూబ్ యాంప్లిఫయర్‌తో దీన్ని చేయవద్దు; స్పీకరు లేకుండా నడిపితే అది పాడవుతుంది. మీరు ఎప్పుడూ వినేవాటిలో అతి పెద్ద వాల్యూమ్ దగ్గర నాబ్‌ను వదిలి, యాంప్లిఫయర్ ఆపి, స్పీకర్ వైర్లను విప్పండి. మళ్లీ ఆన్ చేసి, గరిష్ఠం కంటే 12 డెసిబెల్స్ తక్కువగా రికార్డయిన 120 హెర్ట్జ్ టోన్‌ను మోగిస్తూ టెర్మినళ్ల వద్ద ఏసీ వోల్టేజి కొలవండి. వచ్చిన అంకెను 4తో హెచ్చవేసి (12 డెసిబెల్స్ అంటే వోల్టుల్లో నాలుగింతలు), వర్గం చేసి, మీ స్పీకర్ ఓమ్‌లతో భాగించండి. మీటరు 2.5 చూపితే 10 వోల్టులు: 8 ఓమ్‌లకు 12.5 వాట్లు, 4 ఓమ్‌లకు 25.