పడమటి కిటికీకి అమ్మ చీర

మా అద్దింట్లో పడగ్గదికి పడమటి ఎండ. సాయంత్రం 4 అయ్యేసరికి పరుపు కాలిపోయేది. కొత్త కర్టెన్లకు డబ్బు సర్దలేక, అమ్మ పాత మంగళగిరి నూలు చీర తీశాను. పొడవు 5.5 మీటర్లు, అంటే సుమారు 18 అడుగులు. 6 అడుగుల చొప్పున మూడు ముక్కలు చేశా. నిజాం అంచు ఇరుపక్కలా నిలువుగా వచ్చి ఎంత అందమో!

మొదట ఒంటిపొరగా కడితే ఎండ ఆగలేదు. విప్పేసి, నాన్న పాత తెల్ల పంచె వెనకాల లైనింగ్‌గా వేసి మళ్లీ కుట్టాను. పైన 3 అంగుళాలు మడిచి కుడితే రాడ్ సులువుగా దూరుతుంది. స్ప్రింగు తీగ మాత్రం వద్దు, రెండు పొరల బరువుకి మధ్యలో జారిపోయింది. స్టీలు రాడ్ బిగించాకే నిలిచింది.

పమిట ముక్క మధ్యలో పెట్టాం. అమ్మ వచ్చినప్పుడల్లా దాన్నే తడుముతూ కూర్చుంటుంది.