దెయ్యం సినిమా పోస్టర్ గీద్దాం – 4వ పాఠం: కింది నుంచి వెలుగు

పోయిన పాఠంలో పెన్సిల్ పని అయింది. 15×22 అంగుళాల కాగితం. పైన మూడింట రెండు వంతులు ముసలాయన ముఖం. దాని కింద తాటితోపు, తోపు వెనక విజయనగరం గంటస్తంభం. అట్టడుగున సినిమా పేరుకి 3 అంగుళాల ఖాళీ. ఇప్పుడు ముఖానికి రంగు.

వెలుగు పైనుంచి పడే ముఖాలే మనం రోజూ చూస్తాం. అదే వెలుగు కింది నుంచి వస్తే ఇంట్లో మనిషి కూడా పరాయివాడిలా కనిపిస్తాడు. రాత్రి లైట్లన్నీ ఆర్పి అద్దం ముందు నిలబడి, గడ్డానికి జానెడు కింద ఫోన్ లైటు పెట్టుకుని చూడండి. గడ్డం అడుగు, ముక్కుపుటాలు, పై పెదవి, కనుబొమల కింది గుంటలు వెలుగుతాయి. నుదురు చీకట్లోకి పోతుంది. ముక్కు నీడ మూతి మీదికి దిగకుండా కళ్ల మధ్యకి ఎక్కుతుంది. ఈ నీడ తప్పితే మిగతాది ఎంత బాగా వేసినా భయం పుట్టదు. ఎక్కువమంది దెబ్బతినేది పెదవుల దగ్గర: అలవాటు కొద్దీ చెయ్యి పై పెదవిని ముదురు చేసేస్తుంది. ఇక్కడ పై పెదవి లేత, కింది పెదవి ముదురు.

1931లో వచ్చిన 'ఫ్రాంకెన్‌స్టైన్' నలుపు తెలుపు సినిమా. కొన్ని పోస్టర్లలో మాత్రం అందులోని రాకాసి ముఖం ఆకుపచ్చ. ఆ కాలపు లిథో అచ్చులో (పలకల మీద గీసిన బొమ్మని కాగితానికి దింపే పద్ధతి) ఒక్కో రంగు విడిగా పడాలి కాబట్టి కొద్ది రంగులతోనే బొమ్మ నిలబెట్టేవారు. మనమూ అంతే: ముఖానికి పోస్టర్ కలర్‌లో పసుపు, నలుపు, తెలుపు, ప్రష్యన్ బ్లూ చాలు. ఆకుపచ్చ సీసా కొనకండి, అరిటాకులా ఉంటుంది. పసుపులో కొద్దిగా నలుపు కలపండి, చెరువు పాచి రంగు తేలుతుంది. నీలం అగ్గిపుల్ల కొసకి అంటినంతే. ప్రష్యన్ బ్లూ మహా ఘాటు, ఎక్కువైతే మిగతావాటిని మింగేస్తుంది.

లేత నుంచి ముదురు దాకా నాలుగు ఛాయలు నాలుగు గిన్నెల్లో, ముఖం మొత్తానికి సరిపడా ఒకేసారి కలుపుకోండి. మధ్యలో అయిపోతే మళ్లీ అదే ఛాయ రావడం కష్టం. తడి మీద చూసిన రంగు ఆరాక ఉండదు: లేతవి కాస్త ముదురుతాయి, ముదురువి తేలిపోతాయి. అందుకే అదే రకం కాగితం ముక్క మీద ముందు వేసి, ఆరనిచ్చి చూడండి.

ముదురుతో మొదలుపెట్టి లేతకి రండి. రంగు పల్చటి మీగడలా ఉండాలి. మందంగా పూస్తే కాగితం చుట్టినప్పుడు పెచ్చులు లేస్తుంది. నీళ్లు ఎక్కువైతే రెండో పూత మొదటిదాన్ని కరిగించి బురద చేస్తుంది, ఎందుకంటే ఈ రంగుల్లో జిగురు తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. వానాకాలం మన శ్రీకాకుళం, భీమిలి తీరం గాలికి పూత త్వరగా ఆరదు. వేలితో గీరి చూడకండి. చేతి వెనకభాగం మెల్లగా ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

కళ్లలో ఎరుపు పెట్టాలనిపిస్తుంది. వద్దు. ఎరుపు ఒక్క పేరుకే దాచుకుందాం. రెండు చోట్ల ఉంటే చూపు చీలిపోతుంది. కంటికి గుండుసూది తలంత తెల్ల చుక్క ఒక్కటి, నల్లగుడ్డు అడుగున. పైన పెట్టారో, వెలుగు మళ్లీ పైకి పోయినట్టే.

ఆరాక గోడకి అంటించి పది అడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు సగం మూసి చూడండి. ముక్కు నీడ, కళ్ల గుంటలు అక్కడి నుంచి కూడా విడివిడిగా కనిపించాలి. కలిసిపోతే గుంటల్లో అన్నిటికంటే లేత ఛాయ ఇంకో పూత వేయండి.

అడుగున వదిలిన 3 అంగుళాల మీద రంగు చిందకుండా కాగితం కప్పి ఉంచండి. వచ్చే పాఠంలో అక్కడ అక్షరాలు దింపుదాం.