పరాయి దేశంలో బీమా – మూడో పాఠం: మినహాయింపుల పేజీ ముందు చదవండి

పోయిన పాఠంలో ప్రయాణ బీమాకీ, విదేశంలో స్థిరపడేవాళ్ల ఆరోగ్య బీమాకీ తేడా చూశాం. మొదటిది గండం గట్టెక్కించి ఇంటికి చేర్చేవరకే. రెండోది ఉన్నచోటే వైద్యం కొనసాగించేది. ఎన్ని నెలలు, ఏయే దేశాలు, ఇంట్లో ఎవరికి ఏ జబ్బు అని ఒక కాగితం మీద రాసుకోమన్నాను కదా, అది పక్కన పెట్టుకోండి. మీకు నచ్చిన పాలసీ పూర్తి పత్రం కూడా దించుకోండి. రంగుల బ్రోషర్ చాలదు. క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ తెరిచేది పాలసీ పత్రాన్నే.

దాన్ని మొదటి పేజీ నుంచి చదవకండి. ముందు నిర్వచనాలు, ఆ తర్వాత మినహాయింపులు (కంపెనీ డబ్బివ్వని సందర్భాలు), చివర్లో ప్రయోజనాలు. ఈ వరస ఎందుకో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది.

నిర్వచనాల్లో 'ముందునుంచి ఉన్న జబ్బు' అన్న మాట వెతకండి. డాక్టరు పేరు పెట్టి చెప్పిన జబ్బు మాత్రమే అనుకుంటారు చాలామంది. చాలా పాలసీల్లో అది ఇంకా విశాలంగా ఉంటుంది: లక్షణాలు కనిపించినా, సలహా తీసుకున్నా, మందు వాడినా లెక్కలోకి వస్తుంది. మీరు బీపీ మాత్ర వేసుకుంటున్నారనుకోండి. బీపీ అదుపులోనే ఉంది కాబట్టి జబ్బు లేదనుకుని ఫారంలో 'లేదు' అని టిక్ పెట్టారు. ఆర్నెల్లకు గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరితే కంపెనీ మీ పాత రికార్డులు అడుగుతుంది. ఆ మాత్ర చీటీ బయటపడితే, గుండెనొప్పికి క్లెయిమ్ ఆగిపోవడమే కాదు, పాలసీ మొత్తం రద్దయ్యే ప్రమాదం ఉంది. దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ప్రీమియం పెరిగితే పెరగనివ్వండి.

విదేశీ ఆరోగ్య పాలసీల్లో ఇక్కడ రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకదానిలో ఆరోగ్య చరిత్రంతా ముందే అడిగి, ఏది కవర్ చేస్తారో, ఏది చెయ్యరో రాసిస్తారు. రెండోదాన్ని మొరటోరియం అంటారు. ఇందులో ముందుగా పెద్దగా అడగరు. కానీ పాత జబ్బుకు సాధారణంగా 24 నెలల పాటు లక్షణం, మందు, సలహా ఏదీ లేకుండా గడిస్తేనే కవరేజీ మొదలవుతుంది. రోజూ మందు వాడేవాళ్లకు ఆ 24 నెలలు ఎప్పటికీ పూర్తికావు. వాళ్లకు మొదటి పద్ధతే మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు ఒక లెక్క చెయ్యండి. ఆసుపత్రి బిల్లు 10,000 డాలర్లు. డిడక్టబుల్, అంటే బీమా డబ్బు మొదలయ్యేలోపు మీరు కట్టాల్సింది, 1,000. ఆపైన కో-పే, అంటే మిగిలిన బిల్లులో మీ వాటా, 20 శాతం. ముందు 1,000 మీరే కట్టాలి. మిగిలిన 9,000లో 20 శాతం, అంటే 1,800 కూడా మీదే. మొత్తం 2,800. బిల్లు లక్ష డాలర్లయితే? 1,000 పోగా మిగిలిన 99,000లో 19,800, మొత్తం 20,800. అందుకే మీ వాటాకు ఏడాదికి గరిష్ఠ పరిమితి ఉందో లేదో చూడండి. అది లేకుండా కో-పే ఉన్న పాలసీని నేనైతే తీసుకోను. డిడక్టబుల్ ఏడాదికి ఒకసారా, ప్రతి జబ్బుకూనా అన్నది కూడా పాలసీ పత్రంలోనే చూసుకోండి.

వైద్య తరలింపు గురించి. దగ్గర్లో తగిన వైద్యం లేకపోతే, అది దొరికే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లడం తరలింపు. అది మీ స్వదేశమే కానక్కర్లేదు. స్వదేశానికి చేర్చడం వేరే ప్రయోజనం, దాన్ని విడిగా వెతకాలి. తరలించాలా వద్దా అన్నది సాధారణంగా కంపెనీ సహాయ కేంద్రంలోని వైద్యులు నిర్ణయిస్తారు. వాళ్లకు చెప్పకుండా మీరే ఎయిర్ అంబులెన్స్ మాట్లాడుకుంటే ఆ ఖర్చు తిరిగి రాకపోవచ్చు. ఆ కేంద్రం నంబరు ఫోన్‌లోనే కాదు, పర్సులో కాగితం మీద కూడా ఉండాలి. ప్రమాదంలో ముందు పగిలేది ఫోనే.

మిగతావి త్వరగా చూద్దాం. ఏడాది ప్రయాణ బీమా అన్నంత మాత్రాన ఏడాదంతా బయట ఉండొచ్చని కాదు. ఒక్కో ప్రయాణానికి 30, 45, 60 రోజులని పరిమితి ఉంటుంది. దీర్ఘప్రయాణికులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అమెరికాలో వైద్యం బాగా ఖరీదు కాబట్టి అమెరికాను కలిపిన పాలసీకీ, వదిలేసిన పాలసీకీ ప్రీమియం తేడా చాలా ఉంటుంది. అక్కడికి వెళ్లే పని లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. యూరప్‌లోని షెంగెన్ దేశాల స్వల్పకాలిక వీసాకు కనీసం 30,000 యూరోల కవరేజీ అడుగుతారు. అది వీసా కోసం పెట్టిన కనీస మొత్తం, మీ అవసరానికి కొలత కాదు. బైకు అద్దెకు తీసుకునేవాళ్లు లైసెన్స్ షరతు చూసుకోండి. స్వదేశపు లైసెన్స్‌లో బైకు లేకపోతే అంతర్జాతీయ పర్మిట్ ఉన్నా లాభం లేదు. హెల్మెట్ లేకుండా గానీ, తాగి గానీ నడిపి పడితే క్లెయిమ్ పోయినట్టే.

అభ్యాసం: మీ కాగితంలోని ప్రతి జబ్బు పేరూ రాసి, 'ఇది కవర్ అవుతుందా, ఎప్పటినుంచి?' అని కంపెనీని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు రుజువుకు నిలబడదు. జవాబులు దాచిపెట్టుకోండి. వచ్చే పాఠంలో క్లెయిమ్ కాగితాలు సిద్ధం చేసేటప్పుడు వాటితో పని ఉంటుంది.